మునిగేవీ తేలేవీ

నట్లూ బోల్టులూ చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్లు స్టోర్‌కీపరుగా పనిచేసిన మనిషి రిటైరైతే ఇల్లు ఏమవుతుందో ఆయన భార్యకు మొదటివారంలోనే తెలిసొచ్చింది. వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబెట్టి, ఒక్కోదానికీ నంబరు అతికించాడాయన. ఉప్పు పదిహేడు. ఆవిడ కోడలికి ఫోన్ చేసి, "మీ మామగారిని నీ బడికి తీసుకుపో తల్లీ, పుణ్యముంటుంది" అంది.

కోడలు రెండు గదుల్లో నాలుగేళ్ల పిల్లల బడి నడుపుతోంది. "రెండు వారాలు చూద్దాం మామయ్యగారూ, పిల్లలతో కుదిరితే ఉందురుగాని" అంది, మర్యాదగానే.

ఆయనకు ఆ బడి తెగ నచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు గాని, ఏడింటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడేవాడు. రెండు వారాలయ్యాక పొమ్మంటారేమోనని లోపల ఒకటే బెంగ.

అక్కడ కొన్న బొమ్మలు తక్కువ. సీసా మూతలు, చెక్క దిమ్మలు, తాళంచెవులు, గరిటెలు, గులకరాళ్లు, ఓ నీళ్ల తొట్టి. పదకొండోరోజు సాయంత్రం పిల్లలు వెళ్లాక చూస్తే గచ్చు మీద రెండు కుప్పలున్నాయి. ఒకదాంట్లో చెక్క దిమ్మ పక్కన ఈక. రెండోదాంట్లో గరిటె పక్కన గులకరాయి. స్టోర్‌కీపరు ప్రాణం ఉసూరుమంది. మర్నాడు పిల్లల అమ్మానాన్నలు బడి చూడటానికొస్తారాయె. మోకాళ్లు పట్టేసినా గంటన్నర కూర్చుని, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో వరసలు పేర్చి, హాయిగా ఇంటికెళ్లాడు.

పొద్దున పిల్లలంతా గుమ్మంలోనే ఆగిపోయారు.

"మా కుప్పలు ఎవరు చెడగొట్టారు?" అంది ఒక పిల్ల. ముసలమ్మలా మాట్లాడుతుందని దాన్నందరూ చిట్టిబామ్మ అంటారు.

"చెడగొట్టడమేంటమ్మా, సర్దాను."

"ఓ కుప్ప తేలేవి తాతా. ఇంకోటి మునిగేవి. నువ్వు పక్కగదిలో ఉంటే మేం నాలుగు రోజులు నీళ్లలో వేసి వేసి చూశాం."

ఆయన పక్కగది వైపు చూశాడు. కోడలు అక్కడ కుర్చీలు జరుపుతోంది. "దానికేం, నిమిషంలో విడదీసేస్తా" అన్నాడు. వస్తువు అరచేతిలో పెడితే గ్రాములతో సహా బరువు చెప్పగలడని ఫ్యాక్టరీలో పేరాయనకి. దిమ్మ ఎత్తి చూసి, "బరువుంది, మునిగేది" అన్నాడు. పెన్సిలు రబ్బరు ఎత్తి, "తేలేది."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వెప్పుడైనా నీళ్లలో వేశావా తాతా?" అంది చిట్టిబామ్మ.

వేయలేదు. ఇనుముకి తడి తగలకుండా కాపలా కాయడంతోనే ఆయన ఉద్యోగం గడిచిపోయింది. దిమ్మ వేశాడు. అది దర్జాగా తేలింది. రబ్బరు రాయిలా అడుక్కి పోయింది. "మళ్లీ చెప్పు" అన్నారు పిల్లలు. పది వస్తువుల్లో ఆరు తప్పాడు.

అమ్మానాన్నలు వచ్చేసరికి ఆయన తొట్టి ముందు మోకాళ్ల మీదున్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా తడిసింది.

"ఇవాళ తాతగారేం నేర్పారమ్మా?" అన్నాడు చిట్టిబామ్మ తండ్రి.

"నేనే తాతకి నేర్పుతున్నా నాన్నా. పాపం, ఏమీ రాదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కోడలు కిటికీలోంచి ఎటో చూస్తోంది. ఇంతలో ఆ తండ్రి కింద కూర్చుని, తన తాళంచెవి ప్లాస్టిక్ మూతలో పెట్టి నీళ్లమీద వదిలాడు. "ఇప్పుడిది ఏ కుప్పలోది?" అన్నాడు. పిల్లల్లో సగంమంది ఈ కుప్పన్నారు, సగంమంది ఆ కుప్పన్నారు. ఓ తల్లి చెప్పులు వదిలేసి ముందుకొచ్చింది. కాసేపటికి పెద్దవాళ్లు పిల్లల్ని పక్కకి నెట్టడం మొదలుపెట్టారు.

అందరూ వెళ్లాక ఆయనే ముందన్నాడు: "తప్పైపోయిందమ్మాయ్. రేపట్నుంచి రానులే."

"రాకపోతే ఎలా? మీకు నేర్పాల్సింది ఇంకా చాలా ఉందని పిల్లలంటున్నారు" అంది కోడలు. "ఉండండి మామయ్యగారూ. కాకపోతే, సాయంత్రం పిల్లలు వెళ్లాక మిమ్మల్ని ఈ గదిలో ఒంటరిగా వదిలేది లేదు."

ఆయన బుద్ధిగా తలూపాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"పోనీ, చెప్పుల అరైనా సర్దుకోవచ్చా?"

"పిల్లల్ని అడగండి."