సంగారెడ్డి గల్లీలో నడిచేవాళ్ల గంట

నా భార్య సుమిత్రకు సంగారెడ్డి బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మా ఇంట్లో రెండు రోజులు కూడా నిలవలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడింది. అయినా ఒంటరిగానే తిరిగేది. పోయిన ఏడు మా పటాన్‌చెరులో ఒక సైకిలు తగిలి పడ్డప్పటి నుంచి మాత్రం నేను పక్కన లేనిదే గడప దాటేది కాదు. నా కొలువు పటాన్‌చెరులోనే. సంగారెడ్డిలో ఇల్లు తీసుకున్నా తెల్లారగానే నేను బస్సెక్కాలి, ఆమెను బడిలో దింపే వీలుండదు. "ఒక్కదాన్నే నడవగలిగితే చేరుత, లేకుంటే వద్దని రాసిస్త" అంది. ఊరు చూసి తేల్చుకుందామని ఒక ఆదివారం బయల్దేరాం.

ఎనిమిదింటి బస్సెక్కితే తొమ్మిది దాటాక సంగారెడ్డిలో దిగవచ్చు. మనిషికి ఆరణాలు. దారి పొడుగునా జొన్నచేలు, ఎదురొచ్చే ఎడ్లబండ్లు, ఏ కిటికీ పక్కన కూర్చున్నా ముక్కు నిండా దుమ్ము. బస్సు దిగిన చోటే ఖాసిం భాయి సైకిళ్ల దుకాణం ఉంది, కిరాయి గంటకు అణా. సైకిలు ఇస్తూ ఆయన ఒక షరతు పెట్టాడు. "జైలు వెనక గల్లీల గంట ఇనవడితే దిగాలె సాబ్." ఎందుకో అర్థం కాకపోయినా తలూపాను. మేం చూడాల్సిన ఇల్లు ఆ గల్లీలోనే ఉంది.

సుమిత్రను వెనక కూర్చోబెట్టుకుని గల్లీలోకి తిరిగానో లేదో, ముందు నుంచి ట్రింగుమని గంట. ఎదురొచ్చే సైకిలు కోసం చూస్తూ అలాగే తొక్కుతున్నాను. సైకిలు లేదు. నెత్తిన ఆకుకూరల గంపతో ఒక ముసలామె గల్లీ నడుమ నిలబడి ఉంది. ఆమె చేతికర్రకు సైకిలు గంట బిగించి ఉంది! ఆమెకు మూరెడు దూరంలో నా బండి ఆగింది.

"గంట ఇనవడలేదా కొడుకా?"

"సైకిలు వస్తుందనుకున్న అవ్వా."

"సైకిలోడు కొడితే నేను ఉరకాల్నా? గీ గల్లీల నడిచెటోళ్లే కొడ్తరు, ఎక్కినోళ్లే దిగుతరు. దిగు, జల్దీ!"

వెనక సుమిత్ర పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నా పరువు పోతే పోయిందనుకున్నాను.

ఆ అవ్వ పేరు మల్లవ్వ. ఖాసిం భాయి కిరాయికిచ్చిన సైకిలే తగిలి ఆమె కాలు విరిగిందట. ఆ సైకిలు గంటనే ఊడదీసి ఆయన ఆమె కర్రకు బిగించాడు. గల్లీవాళ్లూ ఊరుకోలేదు. ఎవరి వాకిలి ముందు వాళ్లు మురికికాలువ మీద షాబాదు బండలు పరిచారు, నడిచేవాళ్లకు అదే బాట. బండ్లవాళ్లు పొద్దున పూట జైలు అవతలి దారిన పోతారు. ఏ దఫ్తరు నుంచీ హుకుం రాలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నాకు ఆ మనుషుల మీద పట్టలేనంత గౌరవం కలిగింది. మేం ఇల్లు చూశాం, బడి చూశాం, మల్లవ్వ పెట్టిన జొన్నరొట్టె తిన్నాం.

నాలుగున్నరకు తిరుగు బస్సు. గల్లీలో సైకిలు ఎక్కబోతుంటే సుమిత్ర కదల్లేదు.

"మీరు పోయి సైకిలు వాపసియ్యండ్రి. నేను నడిచొస్త."

"నేనూ వెంట నడుస్త."

"మీరుంటే నాకెట్ల తెలుస్తది?"

ఒక్కణ్ణే సైకిలెక్కాను. వెళ్లి దుకాణం ముందు నిలబడ్డాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, ఆమె జాడ లేదు. రెండుసార్లు గల్లీ వైపు పరుగెత్తబోతే ఖాసిం భాయి చెయ్యి పట్టి ఆపాడు. "రానియ్యి సాబ్. పరేషాన్ గాకు."

"ఎక్కుతరా లేదా సారూ?" అని కండక్టర్ రెండుసార్లు అడిగి విజిల్ ఊదాడు. బస్సు వెళ్లిపోయింది. దుమ్ము అణిగాక సుమిత్ర కనిపించింది. ముఖమంతా చెమట, చీర అంచంతా మట్టి.

"బస్సు వోయిందా?"

"పోయింది."

"పోనీండ్రి. రాండ్రి, ఇల్లు మాట్లాడుకుందాం. బడికి మాత్రం నా వెంట రాకుండ్రి."

రోడ్డు వెడల్పయితే ఊరు బాగుపడినట్టేనని మనవాళ్ల లెక్క. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ గల్లీలో రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. అయినా ఏడాదిగా నేను ఎంత ధైర్యం చెప్పినా పోని భయం, ఆ గల్లీ మనుషుల మర్యాదతో ఒక్క పూటలో పోయింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: నాలుగున్నర బస్సు తప్పితే ఆరింటికి ఇంకొకటి ఉంది. మీ వెంట మెల్లగా నడిచేవాళ్లుంటే ఆ ఆరింటి బస్సుకే రండి.