ఇన్నయ్య బావ, అరువు తెచ్చిన యూనిఫాంలు

నిన్న పొద్దున పదింటికి రావాల్సిన బావ పదిన్నరైనా రాలేదు. పిల్లలు లెక్కల పుస్తకాలు ముందేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కొట్టుకుంటున్నారు. నాలుగు మాటలు అందామని నేనే ఫోన్ చేశాను.

అక్క ఎత్తింది.

"లూర్దూ, మీ బావ ఇగ లేడే."

నాకు బుర్రకెక్కలేదు. పిల్లలు వెయిట్ చేస్తున్నారక్కా, త్వరగా పంపు అన్నాను.

స్నానం చేసి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూలబడ్డాడట. దవాఖానాకు తీసుకెళ్ళేలోపే అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. ఇన్నయ్య బావ మా అక్క భర్త. రైల్వేలో సిగ్నల్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళది ఉప్పల్, మాది నాచారం.

మా ముగ్గురు పిల్లలు ఆగ్నెస్, జోజి, రీటా బడికి వెళ్ళరు. ఇంట్లోనే చదువుకుంటారు. నాలుగో పాప ఇంకా రాలేదు. వేరే దేశంలో, పిల్లల ఆశ్రమంలో ఉంది. దత్తత ఫైల్ నడవడం ఇది మూడో ఏడు. దేశం పేరు, పాప పేరు ఇక్కడ రాయకూడదు, రూల్.

పిల్లల్ని బడి మాన్పించామని తెలిసినప్పుడు బావ నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు స్కూటర్ మీద దిగి, జోజిని ఎక్కాలు అడిగాడు. వాడు ఏడో ఎక్కం సగంలో ఆగిపోయాడు.

"గిట్లయితే కాదు. రేపటి సంది నేనొస్త," అన్నాడు.

అంతే. ఆదివారం తప్ప రోజూ పదింటికి హాజరు.

మా ఇల్లు చూసినవాళ్ళకు తెలుసు, అది ఇల్లు కాదు, సంత. పొద్దున్నే చర్చిలో పూజ, రాగానే టిఫిన్లు, మిక్సీ మోతలో తెలుగు డిక్టేషన్, బాల్కనీలో బట్టలు ఆరేస్తూ జ్ఞానోపదేశం పాఠాలు. సాయంత్రం జపమాల మధ్యలో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని గిల్లుతారు. ఆ గోలలో కూర్చుని బావ ఓపిగ్గా భిన్నాలు చెప్పేవాడు. నాకైతే అంత ఓపిక లేదు.

ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే బావ గురించి రాసినట్టే కాదు.

దత్తతకు ముందు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చూస్తారు. మాకు మంగళవారం పదకొండింటికి వస్తామన్నారు. ఊళ్ళో పిల్లలందరూ బడిలో ఉండే టైమ్. బావకు భయం పట్టుకుంది. సొంత పిల్లల్నే బడికి పంపనివాళ్ళకు ఇంకో పిల్లని ఎవరిస్తారు అని.

నేను టీ పెడుతుంటే, ఆయన ఏదో సంచీ తెచ్చి పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళాడు. బయటికొచ్చేసరికి ముగ్గురూ యూనిఫాంలో ఉన్నారు!

వాళ్ళ అపార్ట్‌మెంట్ పిల్లల రెండో జతలు అరువు తెచ్చాడు. అవి కూడా ఒక స్కూలువి కావు. ఆగ్నెస్ టై ఒక స్కూలుది, జోజి జేబు మీద బ్యాడ్జి ఇంకో స్కూలుది. రీటా స్కర్ట్ పాదాల దాకా వేలాడుతోంది.

నేను నోరు తెరిచేలోపే బెల్ మోగింది.

సోషల్ వర్కర్ మేడమ్ వచ్చి కూర్చుని, పిల్లల్ని పైనుంచి కిందికి చూశారు. "ఇవాళ స్కూల్ లేదా?" అన్నారు.

"హాఫ్ డే మేడమ్," అన్నాడు బావ.

"ఏ స్కూల్ నాన్నా?" అని ఆవిడ జోజిని అడిగారు.

వాడు అంతకుముందు శనివారమే మొదటిసారి ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి వచ్చాడు. బావ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేను చెప్పను. అబద్ధం చెప్తే మల్ల ఫాదర్ దగ్గరికి పోవాలె," అన్నాడు.

బావ లేచి నిలబడ్డాడు. "తప్పు నాది మేడమ్. ఈళ్ళ అమ్మానాయినలకు ఏం తెల్వది. పిల్లలు ఇంట్లనే సదువుకుంటరు, లెక్కలు నేను చెప్త. ఆ పిల్ల రాదేమోనని భయమై గిట్ల జేసిన."

మేడమ్ నవ్వలేదు. "ఏం చెప్తారో చూపించండి," అన్నారు.

బావ అప్పటికప్పుడు క్లాసు మొదలుపెట్టాడు. రీటా స్కర్ట్ జారకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బోర్డు మీద లెక్క చేసింది. వెళ్ళేటప్పుడు మేడమ్ "ఆ బట్టలు తిరిగిచ్చేయండి" అని మాత్రం అన్నారు. రిపోర్ట్ మంచిగానే వచ్చింది.

ఫైల్‌లో ఇంకో కాగితం కావాల్సి వచ్చింది. నాకూ మా ఆయనకూ ఏదైనా అయితే పాపను చూసుకుంటానని ఒకరు రాసివ్వాలి. అడిగిన చుట్టాలు చూద్దాం, చేద్దాం అని జారుకున్నారు. బావ మాత్రం "ముగ్గురిని సూస్తలేనా, గా పిల్ల బరువైతదా?" అని సంతకం పెట్టాడు.

పేపర్లన్నీ కొత్తవి పంపమని పోయిన వారమే మెయిల్ వచ్చింది. నిన్న అందరూ ఏడుస్తుంటే, బావ పక్కన కూర్చుని నేను ఆ సంతకం గురించి ఆలోచించాను. ఇక అది చెల్లదు, ఇప్పుడు ఎవరిని అడగాలి అని. సిగ్గేసింది. అయినా ఆలోచన ఆగలేదు.

ఇవాళ మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చాక అక్క నన్ను లోపలి గదిలోకి పిలిచింది.

"గా కాయితం మల్ల రాయాలె గదా?"

"ఇప్పుడెందుకక్కా అది?"

"మూడో రోజు పూజ అయినంక పట్కరా. మీ బావ పేరున్న కాడ నా పేరు రాయి. ఇంకెవ్వరినీ అడుక్కోకు."

అక్కకూ బావకూ పిల్లల్లేరు. చాలా ఏళ్ళ కిందట ఎవరినైనా దత్తత తీసుకుందామని బావ అడిగితే, వద్దన్నది అక్కే.

నిన్నటి నుంచి ఏడవని దాన్ని, అప్పుడు ఏడ్చాను.

పోయి రా బావా. ఫైల్ అక్క సంతకంతో వెళ్తుంది. నువ్వు ఏ ఫికర్ పెట్టుకోకుండా దేవుని దగ్గర ప్రశాంతంగా ఉండు.