చిన్నత్త తోడేసిన శెనక్కాయ పెరుగు

మా చిన్నత్త ఆశ్రమం నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె కోసమని మా ఇంట్లో కోడిని కోశారు. ఆమె మా అత్తకు ఒక్కతే చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే ఉత్తరాదిన ఏదో ఆశ్రమంలో చేరి, రాట్నం వడుకుతూ, పిల్లలకు అక్షరాలు నేర్పుతూ చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. పందొమ్మిది వందల యాభైల మొదట్లో, వానలు మా సీమను మరిచిపోయిన కాలంలో, వేంపల్లె దగ్గరి మా పల్లెకు ఒక గుడ్డసంచితో దిగింది. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

విస్తరి ముందు కూర్చుని ఆమె కోడికూర వద్దంది. ఆశ్రమంలో అలవాటు తప్పిందేమోలే అనుకుని మా అత్త పప్పు వడ్డించింది. పప్పులోకి నెయ్యి పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి మజ్జిగ కూడా వద్దంది. అప్పుడు మా అత్తకు కోపం వచ్చింది.

"మజ్జిగ్గూడా పోసుకోవా? బాపనోళ్లు గూడా పోసుకుంటారు గదమ్మే! ఇదేం మడి?"

"మడి గాదక్కా. ఆశ్రమానికి పోయిన కొత్తల్లో ఒక ఇంటి ముందర చూస్తి. సచ్చిపోయిన దూడ తోల్లో గడ్డి కూరి, ఆవు ముందర నిలబెట్టి పాలు పిండుతాండారు. ఆ ఆవు దాన్ని నాకతాండాది. ఆ పొద్దు నుంచి నాకు పాలు గొంతు దిగవు."

మా అత్త మజ్జిగ చెంబు నా వైపు జరిపింది. నేను పోసుకున్నాను, కానీ ఆ రోజు మజ్జిగన్నం నోటికి రుచించలేదు.

పల్లెపల్లెకూ తిరిగి మాంసం మానమని, పాలు దూడకు వదలమని చెప్పాలన్నది చిన్నత్త కోరిక. ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. "వద్దంటే వినే రకం కాదు. ఒంటరిగా తిరిగితే ఊరు నవ్వుతాది. నువ్వు ఎంబడి పో" అని మా అత్త నన్ను తోడు పంపింది. కొత్త కోడలికి ఊరు దాటే వీలు దొరకడమే గొప్ప కాబట్టి నేను సంతోషంగా బయలుదేరాను.

మొదట మా ఊరి పక్కనే ఉన్న కూలివాళ్ల పల్లెకు పోయాం. ఆడవాళ్లు పొలాల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న వేళ. చిన్నత్త చక్కగా మాట్లాడింది. జీవాలకూ మనలాగే నొప్పి ఉంటుందని, తల్లి పాలు బిడ్డవేనని చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో ఒకామె, బక్కగా పొడుగ్గా ఉంటుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచింది.

"అమ్మా, మేం కూర తినేది పండగొస్తేనో, యాడన్నా గొర్రె సస్తేనో. పాలంటావా, మా పిల్లోళ్లు పాలెట్లుంటాయో మరిసిపోయిరి. ఇంగ మేం మానేదానికి ఏముండాది?"

అందరూ గొల్లున నవ్వారు. చిన్నత్త కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు మా ఊరి పొలిమేర దాటాక నిలబడిపోయింది.

"ఆమె అడిగింది నిజమే కోడలా. అది వద్దు ఇది వద్దు అని చెప్తాంటి గానీ, ఏం తినాలో ఒక్క మాటన్నా చెప్పలేదు సూడు."

మరుసటి రోజు నుంచి ఆమె ధ్యాసంతా శెనక్కాయల మీద, అంటే వేరుశనగ మీద, పడింది. వానలు లేకపోయినా మా వైపు ఏ ఇంట్లోనైనా కాసిన్ని శెనక్కాయలుండేవి. కాయలు పీకిన కూలీలకు కూలి కింద వాటినే కొలిచేవారు. వాటి నుంచి పాలు తీయవచ్చని ఆమె ఆశ్రమంలో విన్నదే గానీ చేసి చూడలేదు. కాయలు ఒలిచి, విత్తనాలు నానబెట్టి, నేను రుబ్బితే, ఆమె గుడ్డలో వేసి పిండి, ఆ పాలు కాచింది. పాలు తెల్లగానే వచ్చాయి. నోట్లో పోసుకుంటే పచ్చివాసన. మజ్జిగ చుక్కకూ చిన్నత్త ఒప్పుకోక, చింతపులుసు చుక్కతో తోడు వేస్తే విరిగి నీళ్లు ఒకవైపు, పిండి ఒకవైపు అయ్యాయి. అలా చాలాసార్లు చెడగొట్టాం.

మా అత్త ఈ భాగోతమంతా దూరం నుంచే చూసేది. ఆమెకు ఈ పని ఇష్టం లేదు. కానీ తన వంటింట్లో ఒక వంట పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాని పని. ఒకరోజు మా దగ్గరున్న చేట లాక్కుంది.

"ఇంత పచ్చి కంపు కొడతాంటే కుక్కన్నా ముడతాదా? విత్తనాలు దోరగా ఏపండి. పొట్టంతా పోవాల. అప్పుడు నానేయండి. పాలు మరీ పల్చగా తీయొద్దు." కాస్త ఆగి, "మజ్జిగ చుక్క ఏయగూడదంటివి గదా. మిరక్కాయ తొడిమలు ఏసి చూడు. తోడు లేనప్పుడు మాయమ్మ అట్లనే చేస్తాండె," అంది.

తెల్లారి మూత తీస్తే ముంతలో పెరుగు తోడుకుని ఉంది. గడ్డపెరుగంత గట్టిగా లేదు, కొంచెం జారుగా ఉంది. పులుపు మాత్రం సరిగ్గా కుదిరింది. చిన్నత్త వేలితో తీసి నాలుకకు రాసుకుని కళ్లు మూసుకుంది. అన్నేళ్ల తర్వాత ఆమె పెరుగన్నం తింటుంటే మా అత్త ఎదురుగా కూర్చుని చూసింది. "ఇంకొంచెం ఏసుకోమ్మే," అంటూ తనే వడ్డించింది.

ఆ ముంత తీసుకుని మళ్లీ అదే పల్లెకు పోయాం. ఈసారి చిన్నత్త ఉపన్యాసం చెప్పలేదు. ఆ పొడుగాటి ఆమె గుడిసె ముందు నేల మీద కూర్చుని, ఆమె సంగటి ముద్దలోకి ఇంత పెరుగు వేసింది. ఆమె తిన్నది. పిల్లలకు పెట్టింది.

"సంగటిలోకి బాగుండాది. ఎవురింటి బర్రెది?"

"బర్రె లేదు, ఆవు లేదు. మీ ఇంట్లో ఉండే శెనక్కాయలే."

ఆమె నమ్మలేదు. దగ్గరుండి చేసి చూపించాల్సి వచ్చింది. ఆ కూలివాళ్ల పల్లెలో కులం చూడకుండా కూర్చుని వచ్చినందుకు మా ఊళ్లో కొందరు మా మీద గుసగుసలాడారు. మా అత్త గడపలో నిలబడి, వాళ్లకు వినబడేలా, "ఎండన పడి వస్తిరి, ముందు నీళ్లు తాగండి," అని మమ్మల్ని లోపలికి పిలిచింది.

ఆ వేసవిలో మా వీధిలోనే ఒక ఇంట్లో ఆవు ఈనింది. మేత లేక ఆవు ఎముకల గూడులా ఉంది, దూడ నిలబడలేకపోతోంది. పాలు చాలావరకు వేంపల్లె కాఫీ హోటలుకు పోయేవి, ఇంట్లోకి మాత్రం కాస్త ఉంచుకునేవారు. మొత్తం మానమని చిన్నత్త అడగలేదు. "ఇంట్లోకి శెనక్కాయ పెరుగు నేను తోడేసి ఇస్తా. మీరు ఇంట్లోకి తీసుకునే పాలు దూడకు ఇడ్సండి," అంది. ఆ ఇల్లాలు మొగుణ్ని ఒప్పించడానికి కొన్నాళ్లు పట్టింది. దూడ బతికింది. వానలు పడ్డాక అది తోక ఎత్తుకుని వీధిలో దౌడు తీస్తుంటే ఆ మొగుడే మా ఇంటి ముందుకొచ్చి చిన్నత్తతో, "చూస్తివా అత్తా, దాని పొగరు!" అని నవ్వాడు.

మా మాట విని మాంసం పూర్తిగా మానేసినవాళ్లు చాలా తక్కువ. నేను మానేశాను. మా ఆయన కొన్నాళ్లు గొణిగి ఊరుకున్నాడు. పాలు మానడానికి నాకు ఇంకా చాలాకాలం పట్టింది. మా అత్త మానలేదు, మానతానని మాటా ఇవ్వలేదు. కానీ ఎండాకాలం వస్తే చాలా ఇళ్లలో శెనక్కాయ పెరుగు తోడుకునేది. ఆ తర్వాత చిన్నత్త డోన్ వైపు పల్లెలకు పోయింది. అక్కడి నుంచి ఎవరో వచ్చి తమకూ నేర్పమని ఆమెను అడిగారు.

ఇక్కడ ఆమె పని ఆగలేదు. ఆ పొడుగాటి ఆమె నాతో రావడం మొదలుపెట్టింది. కూలి లేని రోజు చూసుకుని ఇద్దరం పాపాఘ్ని ఏటి ఇసుకలో నడిచి అవతలి ఊళ్లకు పోయేవాళ్లం. నేను విత్తనాలు వేపుతుంటే మాటలన్నీ ఆమే మాట్లాడేది. ఒక ఊళ్లో ఒక ముసలామె ఆమెను నిలదీసింది.

"మాకు చెప్తాండావు సరే, నువ్వు తినేది లేదా?"

"పండక్కి తింటాండా అవ్వా," అంది ఆమె, గుడ్డలో పిండి పిండుతూనే. "పోయిన పండక్కి కొంచెమే తింటి. వచ్చే పండక్కి మానేదానికి చూస్తా. ఇద్దరం ఒకతూరి చూద్దామా?"

ముసలామె కొంగు దోపుకుని రోటి దగ్గర కూర్చుంది.