కడుపులోంచి పిలుపు

అరవై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేదు. ఇంకొకరిచేత రాయించడానికి మనసొప్పలేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజుల్లో, సరిహద్దుకు పోయే బస్సులో నా పక్కన ఒక ముసలి తెల్లామె కూర్చుంది. దారిలో బస్సులన్నీ ఆపారు. దూరంగా కదలబోతున్న బస్సు కిటికీలో నా చెల్లెలు కనిపించింది. పిలిచాను. ఏళ్ల తరబడి 'మామా' అని పిలిచే కువైటీ యజమానురాలి ఇంట్లో గొంతెత్తకుండా పనిచేసినదాన్ని, పిలుపు పెదవి దాటలేదు.

తెల్లామె నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి, ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఆడ్నుంచి పిలవమంటాంది అక్కా," అన్నాడు మా రాయచోటి డ్రైవరు. "లండన్‌లో శానా పేరున్న నాటకాలామంట. మైకు లేకుండానే ఆఖరి వరసోళ్లకీ ఇనపడేదంట!"

"లచ్చుమీ!" అని అరిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. చెల్లెలు బస్సు దిగి పరుగెత్తుకొచ్చింది.

రాత్రంతా మా బస్సును అక్కడే ఆపేసి, మరునాడు పొద్దున సైనికులు బ్రిటన్ వాళ్లను వేరుచేసి నడిపించుకుపోయారు. ఆమె పేరు నాకు తెలియదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "మామా!" అని పిలిచాను.

సైనికులు కూడా వెనక్కి చూశారు. ఆమె ఆగి, తన పొట్ట మీద అరచెయ్యి ఆనించుకుంది.