సరిపోలేదని చెప్పా

మా ఇంట్లో నా ఉద్యోగాన్ని ఎవరూ ఉద్యోగం కింద లెక్కేయలేదు. "మా పెద్దక్క నీతులు చెప్పి జీతం తీసుకుంటుంది" అని తమ్ముడు వచ్చినవాళ్లందర్నీ నవ్వించేవాడు. యూనివర్సిటీలో నేను చెప్పేది నీతిశాస్త్రమే, అందులోనూ ఆసుపత్రుల్లో వచ్చే ధర్మసంకటాలు. అవయవం ఇవ్వడం ఇష్టంలేని మనిషిని కాపాడ్డానికి డాక్టర్లు ఒక్కోసారి "మీవాళ్లది సరిపోదు" అని ఇంట్లోవాళ్లకి అబద్ధం చెప్తారు. అది తప్పని నా థీసిస్. ఇష్టంలేదని చెప్పే ధైర్యం మనిషికివ్వాలి గానీ అబద్ధం చాటున దాచడమేంటండీ అని సెమినార్లలో పెద్దపెద్దవాళ్లతో పోట్లాడా. ఆ పోట్లాటలతోనే ప్రొఫెసర్నయ్యా.

అలాంటి నాకు నందిగామ నుంచి ఫోనొచ్చింది. తమ్ముడి కిడ్నీలు రెండూ పాడయ్యాయి.

అమ్మకి షుగరు, ఆవిడది పనికిరాదు. ఇక చెల్లే ఇవ్వాలని పెద్దవాళ్లు మాట్లాడేసుకున్నారు. అది జగ్గయ్యపేటలో ఇద్దరు చిన్నపిల్లల్ని పెంచుకుంటోంది. "దానికేం ఉద్యోగమా సద్యోగమా, నాల్రోజులు పడుకుంటే సరి" అన్నాడు మావయ్య. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి డాక్టరుతో మాట్లాడే పని మాత్రం నాకిచ్చారు.

విజయవాడలో పరీక్షలు చేయించా. చెల్లిది చక్కగా సరిపోయిందన్నారు. తిరిగొస్తుంటే కంచికచర్ల దాటాక, సిమెంటు లారీల వెనక కారు పాకుతుండగా, అది ఉన్నట్టుండి ఏడుపు మొదలెట్టింది.

"అక్కా, నాకు భయంగా ఉందే. నాకేమన్నా అయితే పిల్లల గతేంటి? సరిపోలేదని చెప్పించవా?"

"ఇష్టంలేదని చెప్పెయ్. నేను పక్కనుంటాగా."

"చెప్పి మళ్లీ ఆ గడప తొక్కగలనా? వాడి మొహం చూడగలనా? ఆ మాటలు నీ క్లాసులో చెప్పుకో!"

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీలేదు. కారు పక్కకాపి డాక్టరుకి ఫోన్ చేశా. ఆయన ఆశ్చర్యపోలేదు కూడా. "ఆవిడకి ఇష్టం లేకపోతే మేం ఎలాగూ చెయ్యం మేడం. మీవాళ్లకి సరిపోలేదని చెప్పెయ్యండి" అన్నాడు. నా థీసిస్ కాస్తా గంగలో కలిసింది.

నందిగామలో అందరూ హాల్లోనే కూర్చున్నారు. తమ్ముడు డయాలసిస్‌కి వెళ్లొచ్చి మంచం మీద ఉన్నాడు. చెల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "సరిపోలేదట" అన్నా.

తమ్ముడు తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

"ఏడవకే చిన్నక్కా. దానికి నువ్వేం చేస్తావ్?"

అది ఇంకా ఏడ్చింది. నాకైతే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "మరి నీది చూపించవే. రేపే వెళ్లు."

అందరి కళ్లూ నా మీదే. అప్పుడు నా బుర్రలోకి మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా? నాది కూడా సరిపోలేదని చెప్పించుకోవచ్చు కదా అని.

ఈలోగా చెల్లి ఏడుపాపి ముందుకొచ్చింది. "ఆగమ్మా, ముందు దాన్ని అడగనీ. అక్కా, నీకిష్టమేనా?"

అందరి ముందూ, గట్టిగా అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట ఒకళ్లు ఇంకొకళ్లని అడగ్గా నేనెప్పుడూ వినలేదు. దాన్ని పరీక్షలకి తీసుకెళ్లేముందు నేనూ అడగలేదు.

"ఇష్టమే" అన్నా, తమ్ముడి మొహం చూస్తూ. అది నిజమో కాదో ఇప్పటికీ చెప్పలేను.