గుండ్లవాగులో ఎనిమిదో తారీఖు

గుండ్లవాగు పోస్టాఫీసు అంటే చాలా ఏళ్లు రాఘవులు ఇంటి ముందుగదే. ఒక బల్ల, ఒక చెక్కపెట్టె, బయట గోడకు వేలాడే ఎర్ర డబ్బా. సరిహద్దుకు అవతల, హిందీ రాష్ట్రంలో, తర్లగూడ రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వచ్చే ఆ ఊళ్లో రాఘవులు ముప్పై అయిదేళ్లు బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా చేసి, అరవై అయిదో ఏట దిగిపోయాడు. ఊరంతా డాక్‌బాబు అనేవారు. దిగిపోయాక కూడా అదే పేరు.

అన్నేళ్లలో ఆయన ఒక్క ఉత్తరం పోగొట్టలేదు. వాగు పొంగితే సంచీ నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్లలో దాటాడు. అడ్రసు హిందీలో ఉంటే హిందీలో, తెలుగులో ఉంటే తెలుగులో చదివి, చదువురాని వాళ్లకు అక్కడి గిరిజనుల భాష దోర్లీలో చెప్పి వచ్చేవాడు. ఇంత చేసినా రిటైరైన నాడు ఆయన మనసులో ఉన్నది తృప్తి కాదు, భయం. ఎనిమిది అనే అంకె వల్ల వచ్చిన భయం.

పోస్టాఫీసు ముద్రలో ఊరి పేరు చెక్కి ఉంటుంది. నడుమ గాడిలో తారీఖు, నెల, సంవత్సరం అచ్చులు ఏ రోజుకారోజు మార్చి బిగించుకోవాలి. తారీఖుల అచ్చులు ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా, చిటికెన వేలి గోరంతవి, ఒక రేకుడబ్బాలో ఉండేవి. 1999 వానాకాలంలో ఒకరోజు రాఘవులు వాటిని కిరసనాయిలుతో కడిగి వసారాలో గోనెపట్టా మీద ఆరబెట్టాడు. సాయంత్రం ఎత్తి చూసుకుంటే ముప్పయ్యే ఉన్నాయి. ఎనిమిది లేదు.

"నువ్వే ఊడ్చి పారేసినవ్," అన్నాడు భార్య బుల్లమ్మతో.

"నేను ఊడ్చింది పొద్దుగాల. నువ్వు ఆరేసింది మధ్యాహ్నం. నీ అంగీ జేబుకు బొక్కుంది, ముందు అది చూస్కో," అంది బుల్లమ్మ.

ఆ తగాదా ఆనాడు తేలలేదు, ఆ తర్వాతా తేలలేదు.

సర్కారు సామాను పోగొట్టానని పై ఆఫీసుకు రాసే ధైర్యం రాఘవులుకు చాల్లేదు. మరుసటి నెల ఎనిమిదో తారీఖు రానే వచ్చింది. తొమ్మిది బిగించి ముద్రలు కొట్టేశాడు. రెండు వారాల తర్వాత పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మీరు తొమ్మిదిన పంపిన ఉత్తరం మాకు ఎనిమిదినే చేరింది, ఎలా చేరిందో వివరించండి, అని. రాఘవులు మూడు రోజులు ఆలోచించి 'గల్తీ' అని ఒక్క ముక్క రాసి పంపాడు. ఆ తర్వాత నుంచి ఎనిమిదిన ఏడు కొట్టడం మొదలుపెట్టాడు. ఉత్తరం ఒకరోజు ఆలస్యమైనట్టు కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ ప్రాంతంలో ఒక్కరోజే ఆలస్యమైన ఉత్తరాన్ని తొందరగా వచ్చిందనే అనుకుంటారు.

ఆ విధంగా గుండ్లవాగులో ఇరవై నాలుగేళ్ల పాటు ప్రతి నెలా ఏడో తారీఖు రెండుసార్లు వచ్చింది.

ఆయన స్థానంలో జోగే అనే అమ్మాయి వచ్చింది. పక్క గూడెం పిల్ల, పన్నెండు చదివింది. ఆమెతోపాటే కొత్త ముద్ర, కొత్త అచ్చులు, చేతిలో పట్టుకునే మిషనూ వచ్చాయి. పాత డబ్బాను ఎవరో సంచీలో వేసుకుని తీసుకుపోయారు. ఎవరూ మూత తీసి చూడలేదు. చూడలేదు గనక ఎప్పుడో ఒకప్పుడు చూస్తారని రాఘవులు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

రిటైరైన మరుసటి ఏడు దీపావళి దాటాక ఆయన పేరిట ఒక లావుపాటి కవరు వచ్చింది. మీద తొమ్మిది తపాలా బిళ్లలు, ఒకదానిలా ఒకటి లేకుండా, గీత గీసినట్టు వరసగా అంటించి ఉన్నాయి. లోపల హిందీలో ఒక ఉత్తరం, రెండు జిరాక్సు కాగితాలు. ఆ కాగితాల మీద తన ముద్రే, పళ్లెమంత సైజులో. తారీఖు చుట్టూ ఎర్ర ఇంకుతో గుండ్రంగా గీత. రాఘవులు ఉత్తరం చదవకుండానే జోగే చేతిలో పెట్టాడు.

జోగే ఉత్తరం చదివింది. "తాతా, గనుల టౌన్‌షిప్‌ల పోస్టు టికెట్లు జమ చేసేటోళ్ల సంఘమంట. నీకు సన్మానం జేస్తరంట. ముఖ్య అతిథివి నువ్వేనంట."

"సన్మానమనే రాస్తరు. పోయినంక కూసోబెట్టి, ఏం జేసినవో చెప్పుమని బయాన్ రాసుకుంటరు. ఇది జాంచ్, పై ఆఫీసు విచారణ, నాకెరుక," అన్నాడు రాఘవులు.

"జాంచ్ అయితే శాలువ కప్పుతమని ఎందుకు రాస్తరు తాతా?"

"భయపడి పారిపోకుంట ఉండాల్నని."

పోకపోతే ఇంటికే వస్తారు, ఊరి ముందర పరువు పోతుంది. అందుకని వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు. బుల్లమ్మ కూడా చీర మార్చుకుని బయల్దేరింది.

"నువ్వెందుకే?"

"నువ్వొక్కనివి పోతే నా మీద రాపిచ్చి వస్తవు. నేనూ ఉంట."

భోపాలపట్నం, బీజాపూర్, గీదం, మూడు బస్సులు మారారు. దారి పొడుగునా రాఘవులు పెదాలు కదుపుతూ తన బయాన్ వల్లె వేసుకున్నాడు.

గనుల టౌన్‌షిప్‌లోని తపాలా బిళ్లల సంఘానికి పదకొండుమంది సభ్యులు. నెలకో ఆదివారం కమ్యూనిటీ హాల్లో క్యారమ్ బల్లలు గోడకు జరిపించి సమావేశమవుతారు. సమావేశానికి అయిదుగురు వస్తే నిండుగా ఉన్నట్టు లెక్క. సభ్యులు తమ సేకరణను కాగితాలకు అంటించి స్టాండ్లకు తగిలిస్తారు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. పది నిమిషాలు కాగానే కార్యదర్శి మీనా టీచరు గంట కొడుతుంది. అధ్యక్షుడు సోమయాజులు గారికి మాత్రం కొట్టదు. విజయనగరం నుంచి నలభై ఏళ్ల కిందట ఖనిజం పిండిచేసే ప్లాంటులో ఇంజనీరుగా వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన ఆయనకు గంట వినపడదని అందరికీ తెలుసు.

ఆ రోజు మొదట డంపరు నడిపే హడ్మా తన పక్షుల బిళ్లలు చూపించాడు. కొంట వైపు దోర్ల గిరిజనుడు. "ఈ పిట్ట ఇట్ల కొమ్మ మీద కూసోదు. బొమ్మ గీసినాయన చూడకుంట గీసిండు," అని మూడు బిళ్లల మీద తప్పులు చూపించి కూర్చున్నాడు. తర్వాత సోమయాజులు గారు లేచారు.

స్టాండ్ల మీద పదహారు కాగితాలు. పైన పెద్ద అక్షరాలతో 'ఎనిమిది లేని ఊరు' అని రాసి ఉంది. ఒక్కో కాగితం మీద నాలుగేసి కవర్లు, ప్రతి కవరు మీదా గుండ్లవాగు ముద్ర, ప్రతి ముద్రకూ ఎర్ర గీత. రాఘవులు ఇన్నేళ్లు దాచుకున్నదంతా అందరి ముందూ వరసగా వేలాడుతోంది.

"ఈ అరవై నాలుగు కవర్లూ నాకు మా విజయనగరంలో పాత కాగితాలు కొనేవాడి దగ్గర దొరికాయండి," అని మొదలుపెట్టారు సోమయాజులు గారు. "గుండ్లవాగు ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన ఒక మాస్టారు తన తల్లికి రాసినవి. తారీఖుల వారీగా పేర్చి చూశాను. ఏడు ఉంది, తొమ్మిది ఉంది, ఎనిమిది లేదు! ఎందుకు లేదు? రెండేళ్లు పరిశోధన చేశానండీ. ఆ ప్రాంతపు దోర్ల గిరిజనులు ఎనిమిదిని అశుభంగా భావిస్తారు. ఆ రోజున తపాలా సంచీ ఊరు దాటనివ్వరు. వారి నమ్మకాన్ని గౌరవించి పోస్ట్‌మాస్టరు గారు ఆ తారీఖునే తన ముద్రలోంచి తొలగించారు. ఒక ప్రభుత్వోద్యోగి చూపిన సంస్కారం!"

చప్పట్లు పడ్డాయి. హడ్మా మాత్రం చెయ్యి ఎత్తాడు. "సార్, నేను దోర్లనే గదా. ఎనిమిదంటే మాకేం భయం? నా పెండ్లి ఎనిమిదో తారీఖే అయ్యింది."

"మీది కొంట వైపు హడ్మా. అక్కడ ఆచారం వేరు," అన్నారు సోమయాజులు గారు దయగా. ఆ తర్వాత నడుమ ఉన్న కవరు దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించారు. "ఇదిగో, నా సేకరణకే కిరీటం. తొమ్మిదిన బయల్దేరి, ఎనిమిదినే పై ఆఫీసు ముద్ర వేయించుకున్న ఉత్తరం. ఇలాంటిది దేశంలో ఇంకొకటి ఉంటే నేను బిళ్లలు మానేస్తాను."

రాఘవులు చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.

"సాహెబ్, తప్పు నాదే. నా బయాన్ రాసుకోండ్రి. ఆచారం లేదు, సంస్కారం లేదు. ఎనిమిది అచ్చు పోయింది. తొంభై తొమ్మిదిల, వానల దినాలల్ల. ఆరేసిన. మా ఇంటామె ఊడ్చి పారేసింది."

వెనక కుర్చీలోంచి బుల్లమ్మ లేచింది. "అబద్ధం! నేను ఊడ్వలేదు. ఆయన జేబుకు బొక్కుండె. కుట్టియ్యమంటవా అని నేనే అడిగిన, రేపన్నడు."

"జేబుల ఎందుకేస్కుంట నేను? డబ్బా ఉంది గదా?"

"డబ్బా మూతతోని ఆనాడు చాయ్ గిన్నె మీద మూత పెట్టినవు. యాది లేదా?"

ఇరవై ఏళ్లకు పైబడిన తగాదా కమ్యూనిటీ హాలు నడిబొడ్డున మళ్లీ మొదటి నుంచి మొదలైంది. మీనా టీచరు అలవాటుగా గంట కొట్టింది గానీ ఎవరూ ఆగలేదు. జీవితంలో మొదటిసారి తన వాదన పదిమంది నోరు మూసుకుని వింటున్నారని అర్థమై బుల్లమ్మ గొంతు మరికాస్త పెంచింది.

సోమయాజులు గారి ముఖం మొదట పాలిపోయింది. వింటున్నకొద్దీ తేరుకుంది. చివరకు వెలిగింది.

"చూశారా!" అన్నారాయన సభ వైపు తిరిగి. "ప్రత్యక్ష సాక్షులిద్దరే. ఇద్దరికీ పొంతన లేదు. ఇక ఈ కథనాన్ని ఎలా నమ్ముతాం? రాఘవులు గారూ, పెద్దవారు, వినయం కొద్దీ మీ గొప్పతనం దాచుకుంటున్నారు. ఇన్నేళ్లయింది, మీకు సరిగ్గా గుర్తులేదేమో కూడా."

"గుర్తు లేకేంది సారూ? కొట్టింది నేనే గద!"

"కొట్టడం వేరు, పరిశీలించడం వేరండీ," అని శాలువా కప్పారు.

శాలువా భుజాల మీద పడ్డాక గానీ రాఘవులుకు జాంచ్ లేదని నమ్మకం కుదరలేదు. చేతిలో సమోసా పట్టుకుని మెల్లగా స్టాండ్ల దగ్గరకు వెళ్లి, ఈసారి ముద్రలు కాక, కవర్ల మీది చేతిరాత చూశాడు.

"ఇది తేజ మాస్టర్ రాత," అన్నాడు. "వారం వారం రాసేటోడు. సంచీ కట్టేదాక మా వసారాల కూసునేటోడు, నేనేడ మర్చిపోతనో అని. జ్వరమొచ్చి పండుకున్ననాడు కూడా తెచ్చి ఇచ్చిండు. ఇప్పుడేడున్నడు సారూ? తల్లి ఉన్నదా?"

సోమయాజులు గారికి తెలియదు.

"లోపల ఉత్తరాల్లో ఏం రాసిండో?"

"లోపలివి రాలేదండీ, ఖాళీ కవర్లే. అయినా లోపలి సంగతి మనకు అవసరం లేదు. మనకు ముద్ర ముఖ్యం."

రాఘవులు తల ఊపాడు. మోకాటి లోతు బురదలో తను ముప్పై అయిదేళ్లు మోసింది లోపలివనే అనుకున్నాడు.

ఆ ప్రదర్శనకు తర్వాత పదిహేడో కాగితం చేరింది. దాని మీద 'స్థానికంగా వినిపించే రెండు పరస్పర విరుద్ధ కథనాలు' అని రాసి, కింద రాఘవులు, బుల్లమ్మల ఫోటో అంటించారు. రాయ్‌పూర్‌లో జరిగిన పోటీలో దానికి కంచు పతకం వచ్చింది. భార్యాభర్తలిద్దరినీ సంఘం గౌరవ సభ్యులుగా చేర్చుకుంది. రెండు నెలలకోసారి బస్సెక్కి వెళ్తారు. రాఘవులు పెంగ్విన్ బిళ్లల గురించి, ఓడల బిళ్లల గురించి ఓపికగా వింటాడు. అభిప్రాయం అడిగితే ముద్ర బాగా పడిందో లేదో చెబుతాడు. బుల్లమ్మను మాత్రం కొత్తగా వచ్చినవాళ్లు జేబు సంగతి మళ్లీ చెప్పమని అడుగుతారు. చెప్పిన ప్రతిసారీ బొక్క కాస్త పెద్దదవుతోంది.

మొన్న ఫాల్గుణ మాసంలో సంఘంవాళ్లు నలభై కవర్లకు బిళ్లలు అంటించి జోగేకు పంపారు, ఎనిమిదో తారీఖున ముద్ర కొట్టి తిరిగి పంపమని. ఆమె పంపింది. నాలుగోనాడు రాఘవులుకు సోమయాజులు గారి ఫోను వచ్చింది.

"ఏమిటండీ ఇది? నలభైకి నలభై మీదా ఎనిమిది పడింది!"

"ఎనిమిదో తారీఖే గద సారూ."

"అదే కదండీ నష్టం! పైగా ఒక్కటీ వంకర లేదు, ఒక్కటీ అలుక్కుపోలేదు. ఇలాంటివి ఎవరు దాచుకుంటారు? ఆ అమ్మాయికి మీరైనా కాస్త చెప్పాలి."

చెబుతానని ఫోను పెట్టేసి రాఘవులు, ఇప్పుడు పోస్టాఫీసు నడుస్తున్న జోగే ఇంటికి వెళ్లాడు. ఆమె వసారాలో కూర్చుని ఆ రోజు సంచీ కడుతోంది. పైన ఉన్న ఉత్తరం తీసి ముద్ర చూశాడు. గుండ్రంగా, నల్లగా, ప్రతి అక్షరం విడివిడిగా పడింది. అంత శుభ్రమైన ముద్ర ముప్పై అయిదేళ్లలో తన చేతి నుంచి ఒక్కటి కూడా పడలేదు.

"ఏంది తాతా, తప్పేమన్న ఉందా?" అంది జోగే.

"లేదు బిడ్డా. తప్పేం లేదు. ఇట్లనే కొట్టు," అన్నాడు రాఘవులు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అయినా ఇంటికి నడుస్తుంటే, పతకం వచ్చింది తన వంకర ముద్రలకే గదా అన్న సంగతి ఎందుకో హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు కొంచెం సిగ్గూ వేసింది.