ఉత్త నీళ్లు

మొన్న పంటి నొప్పితో మహబూబాబాద్‌లో దవాఖానకు పోతే, అక్కడి అద్దాల తొట్టిలో నారింజ రంగు మీద తెల్ల పట్టీల సముద్రపు చేప కనిపించింది. వంగి చూశానో లేదో, కౌంటరు దగ్గరి అమ్మాయి తొట్టిని ముట్టవద్దని హెచ్చరించింది. అలాంటి చేపను ఇదే ఊళ్లో కిరాయింట్లో సాకినవాడిని నేను. చెబుదామనుకొని, అడగనివాళ్లకు ఎందుకని ఊరుకున్నాను.

రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులవి. నేను హైదరాబాదు నుంచి చేపను తెచ్చానని విని, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా ఆఫీసరు, సముద్రం లేని ఊళ్లో అది వారం బతికితే తానే వచ్చి చూస్తానని అందరి ముందు నవ్వాడు. ఆ నవ్వు నేను మరవలేదు. నెలలు బతికించాను, ఆయన రానేలేదు.

అంతలో సమ్మె మొదలై, బస్సులు, రైళ్లు ఆగి, తొట్టి నీళ్లలో కలిపే చేపల ఉప్పు పట్నం నుంచి రావడం బందైంది. పగలంతా దీక్షా శిబిరంలో ఉన్నా మనసు నిలిచేది కాదు. కరెంటు పోతే తొట్టిలోకి గాలి ఊదే మోటారు ఆగుతుందని, గంటకోసారి ఇంటికి ఉరికి, నీళ్లు చెంబుతో ముంచి పైనుంచి పోసి మళ్లీ వచ్చేవాడిని. శిబిరంలో ఒకాయన, రాష్ట్రం నీకా నీ చేపకా అన్నాడు. ఆయనతో ఇప్పటికీ మాట్లాడను.

వేడికి తొట్టిలో నీళ్లు రోజూ తగ్గేవి. తగ్గినప్పుడల్లా ఉప్పు నీళ్లే కలిపి పోశాను. ఆఖరి పొట్లం అయిపోయేసరికి చేప తిండి మాని, మూలకు ఒరిగి ఎగపోస్తున్నది. ఆఫీసరు నవ్వే గెలుస్తుందని నాకు కడుపు మండిపోయింది.

నర్మెట్ట నుంచి వచ్చి, బస్సులు లేక మా ఇంట్లోనే ఆగిపోయిన మా అక్క, ఇరుగుపొరుగు చూస్తుండగా తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

“పచ్చడి ఊట లెక్కున్నదిరా తమ్మీ. ఆవిరైతె నీళ్లు పోతయి గని ఉప్పేడికి పోతది? ఉత్త నీళ్లు పొయ్యి. జరంత జరంత పొయ్యి.”

సముద్రమే చూడనిదానివి నీకేం తెలుసని కసురుకున్నాను. ఆమె పక్కింటికి పోయినాక మాత్రం చెంబుతో మంచినీళ్లు కొద్దికొద్దిగా పోశాను. మూడు రోజులకు చేప లేచి తిండికి వచ్చింది. పుస్తకంలో చదివి చేశానని అందరికీ చెప్పాను. అక్క అక్కడే కూర్చొని బియ్యం ఏరుతున్నది, తల ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆఫీసరు తన ఊరికి పోయాడు. ఆ ఉప్పు ఇప్పుడు ఫోను నొక్కితే గుమ్మంలోకి వస్తుందట. నన్ను చిన్నచూపు చూసిన ప్రతి ఒక్కరి మాటా నేను ఇన్నేళ్లు మోశాను. నేనన్న మాటను అక్క ఒక్కనాడూ ఎత్తకుండానే కన్నుమూసింది.

దవాఖాన మెట్లు సగం దిగి, మళ్లీ ఎక్కాను. నీళ్లు తగ్గితే ఉత్త నీళ్లే పోయాలమ్మా, మా అక్క చెప్పింది అన్నాను. ఆ అమ్మాయి తెలుసన్నట్టు తలూపి, తర్వాతి పేరు పిలిచింది.